పార్వతీపురం సర్కస్ నోటీసు: ఏ కంపెనీదో, ఏ ఏడాదిదో చెప్పగలరా?

పాతపెట్టె
నమస్కారమండీ. పోయిన నెల పార్వతీపురంలో మా తాతగారి ఇల్లు ఖాళీ చేశాం. అటక మీద ఇత్తడి సామాన్ల వెనక ఒక రేకు పెట్టె దొరికింది. పొలం కాగితాలేమో అనుకున్నాం. తీరా చూస్తే ఒక సర్కస్ నోటీసు, మూడు టికెట్ ముక్కలు, ఒక ఏనుగు వెంట్రుక ఉంగరం ఉన్నాయి. తాతగారు మాతో ఎప్పుడూ సర్కస్ మాట ఎత్తిన గుర్తు లేదు. మరి వీటిని ఇన్నేళ్లు ఎందుకు దాచారో తెలియదు.

నోటీసు గులాబీ రంగు కాగితం. పైభాగం చిరిగిపోయింది, కంపెనీ పేరు దాంతోనే పోయింది. "సర్కస్" అన్న మాట ఒక్కటే మిగిలింది. దాని కింద ఊయల మీద ఇద్దరు ఆడపిల్లల బొమ్మ, ఒక పక్క సింహం, ఇంకో పక్క ఏనుగు. "పార్వతీపురం, శ్రీకాకుళం జిల్లా, బి.యన్.ఆర్. స్టేషను దగ్గరి మైదానము" అని ఉంది. కుర్చీ 1-8-0, బెంచీ 0-12-0, నేల 0-4-0. అడుగుభాగం లోపలికి మడతపడి అతుక్కుపోయింది. లాగితే చిరుగుతుందని వదిలేశాను.

ఇది ఏ కంపెనీది? ఏ సంవత్సరం? మా బావ లామినేషన్ చేయించమంటున్నాడు. చేయించమంటారా?

టికెట్ముక్క
ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు. లామినేషన్ వద్దండీ, దయచేసి. ఆ వేడికి ప్లాస్టిక్ జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. సెల్లోటేపు కూడా వద్దు. కొన్నేళ్లకు టేపు రాలిపోతుంది, పసుపు మరక మాత్రం ఉండిపోతుంది. ఫ్రేము కట్టించి ఎండ తగిలే గోడకు పెట్టారంటే పసుపు, ఎరుపు రంగులు ముందు వెలిసిపోయి నీలం ఒక్కటే మిగులుతుంది. ప్రస్తుతానికి రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఒక అట్ట ఫైలులో పడుకోబెట్టండి. చాలు.

ఇక సంవత్సరం. నేను ముప్పై ఏళ్లుగా నాటకాల, సర్కస్‌ల, ఎగ్జిబిషన్ల టికెట్లు పోగుచేస్తున్నాను. వాటి మీద తేదీ ఉంటుంది గానీ సంవత్సరం వేయడం తక్కువ. రేపటి ఆటకు ఈ ఏడాది ఏదో చెప్పాల్సిన పని వాళ్లకేముంది? అందుకే పక్కదారిన వెతుక్కోవాలి. మీ నోటీసులో ధరలు రూపాయలు, అణాలు, పైలలో ఉన్నాయి. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కాబట్టి అంతకు ముందుదే. శ్రీకాకుళం జిల్లా అని ఉంది. ఆ జిల్లా విశాఖపట్నం నుంచి విడిపడింది 1950 ఆగస్టు 15న. అంటే మీ కాగితం 1950 ఆగస్టుకూ 1957కూ మధ్యది. ఇప్పుడు టికెట్ ముక్కలు వెనక్కి తిప్పి ఏముందో చెప్పండి.

గుంటూరు_గ్యాలరీ
నా లెక్కన ఇది జెమిని సర్కస్. ఊయల మీద ఇద్దరు ఆడపిల్లలు పక్కపక్కన ఉన్నారు చూడండి, జెమిని అంటే మిథునమే కదా. చిన్నప్పుడు మా ఊరికి జెమిని వచ్చినప్పుడు డేరా మీద నుంచి సెర్చిలైటు ఆకాశంలో తిరిగేది. మేడ మీద పడుకుని ఆ వెలుగు మా మీదకి ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లం. జట్కా బండిలో మైకు పెట్టి ఊరంతా తిరుగుతూ ఇలాంటి కాగితాలే చల్లేవాళ్లు. వాటి కోసం బండి వెనక ఎంత దూరం పరుగెత్తేవాళ్లమో! నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. పాతపెట్టె గారూ, మీ అదృష్టం చూసి ఆనందంగా ఉంది.

పాతపెట్టె
టికెట్ల వెనక చిన్న స్టాంపు అతికించి ఉంది. రెండింటి మీద సగం ఊడిపోయింది. మూడో దాని మీద ఇంగ్లీషులో మద్రాస్ అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి.

టికెట్ముక్క
అది వినోదపు పన్ను స్టాంపు. మద్రాసు ప్రెసిడెన్సీలో వినోదపు పన్ను చట్టం 1939లో వచ్చింది. టికెట్ అమ్మేటప్పుడు స్టాంపు అంటించి, లోపలికి వెళ్లేటప్పుడు చింపేవాళ్లు. అందుకే సగం ఊడిపోయింది. ఈ పన్ను స్టాంపులను వేరుగా పోగుచేసేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి నీళ్లలో నానబెట్టి తీయకండి. స్టాంపు టికెట్ మీద ఉంటేనే దానికి అర్థం.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. మద్రాసు స్టాంపంటే అంతకు ముందుదని చెప్పాలనిపిస్తోంది. కొత్త రాష్ట్రం వచ్చాక కూడా పాత నిల్వలు కొంతకాలం వాడి ఉండొచ్చు, అందుకని ఒట్టు వేయను.

నాగావళి
బి.యన్.ఆర్. అన్నది కూడా చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1952 ఏప్రిల్ 14న ఈస్టర్న్ రైల్వేలో కలిసిపోయింది. 1955 ఆగస్టులో సౌత్ ఈస్టర్న్ అయింది. అయితే మా వైపు పెద్దవాళ్లు ఆ తర్వాత కూడా చాలాకాలం బీయన్నార్ అనే అనేవాళ్లు. కాబట్టి ఇదీ సగం సాక్ష్యమే.

మా ప్రాంతపు సర్కస్ అనగానే నాకు కోడి రామ్మూర్తి గారే గుర్తొస్తారు. ఆయనది పార్వతీపురానికి దగ్గరి వీరఘట్టం. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ తీసుకుని, విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి, అక్కడే సొంత సర్కస్ కట్టారు. రెండు కార్లకు గొలుసులు కట్టి రెండు చేతులతో ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం, మెడకు బిగించిన గొలుసును ఊపిరి పీల్చి తెంచడం ఆయన ప్రదర్శనలు. ఇండియన్ హెర్క్యులెస్ అన్నారు, కలియుగ భీముడన్నారు. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో పోయారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఆయన కంపెనీ నోటీసు ఒక్కటైనా చూడాలని నాకు చాలా ఏళ్ల నుంచి ఆశ. ఈ జిల్లాలో ఇంకా అటకలు ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను: మీ ఇళ్లల్లో పాత కాగితాలు తూకానికి వేసే ముందు ఒక్కసారి తిరగేయండి.

మలబారు_అల్లుడు
నా భార్యది కేరళలోని తలశ్శేరి. మన వైపు ఎవరైనా డాక్టరు చదువుతున్నారని చెప్పుకున్నట్టు ఒకప్పుడు ఆ ఊళ్లో ఇంటికొకరు సర్కస్‌లో ఉన్నారని చెప్పుకునేవారట. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మన దేశంలో సర్కస్ పుట్టింది విష్ణుపంత్ ఛత్రే చేతుల మీదుగా. మహారాష్ట్రలోని కురుంద్‌వాడ్ సంస్థానంలో గుర్రాల శిక్షకుడాయన. బొంబాయిలో కియారిని అనే ఇటలీ ఆయన సర్కస్ చూశారు. భారతీయులకు ఇలాంటిది చేతకాదని అక్కడ మాట వచ్చిందని, ఆ పట్టుదలతోనే సొంతంగా మొదలుపెట్టారని చెబుతారు. 1880 మార్చి 20న బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కస్ మొదటి ఆట ఆడింది.

ఆ కంపెనీ తిరుగుతూ తిరుగుతూ తలశ్శేరి వచ్చింది. అక్కడ బాసెల్ మిషన్ స్కూల్లో కసరత్తు నేర్పే కీలేరి కుంజికణ్ణన్‌కూ ఛత్రేకూ స్నేహం కుదిరింది. కుర్రాళ్లను సర్కస్‌కు తయారుచేసే పని కుంజికణ్ణన్ నెత్తికెత్తుకున్నారు. 1901లో చిరక్కరలో సర్కస్ బడి పెట్టారు. ఆయన శిష్యుడు పరియాళి కణ్ణన్ 1904లో మలబార్ గ్రాండ్ సర్కస్ మొదలుపెట్టాడు. ఇంకో శిష్యుడు తాడు మీద విన్యాసాలతో కణ్ణన్ బొంబాయో అన్న పేరుతో విదేశాల్లో ఆడాడు. తర్వాత దేశమంతా తిరిగిన కంపెనీల్లో సగానికి పైగా ఆ ఊరి నీళ్లు తాగినవాళ్లే నడిపారంటే అతిశయోక్తి కాదు. కీలేరి గారు 1939లో పోయారు.

జెమిని కూడా ఆ కొమ్మే. ఎం.వి. శంకరన్ గారు స్నేహితుడితో కలిసి నష్టాల్లో ఉన్న విజయా సర్కస్‌ను 6,000 రూపాయలకు కొన్నారు. జెమిని పేరుతో మొదటి ఆట గుజరాత్‌లోని బిలిమోరాలో 1951 ఆగస్టు 15న ఆడారు. ఆయన 2023 ఏప్రిల్‌లో 99వ ఏట పోయారు. పాతపెట్టె గారి నోటీసు 1951 ఆగస్టుకు ముందుదైతే మాత్రం అది జెమిని కావడానికి లేదు. మడతలోపల తేదీ ఉండే ఉంటుంది. అది తెరవగలిగితే బాగుండు.

కొత్తగా_వచ్చా
అందరికీ నమస్కారం. నాకూ ఒక సందేహం, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. ఆన్‌లైన్లో ఒకరు 1930 నాటి సర్కస్ పోస్టరని నాలుగు వేలకు అమ్ముతున్నారు. అడుగున ప్రెస్సు అడ్రసు, 626 తో మొదలయ్యే పిన్ కోడ్ ఉన్నాయి. కొనవచ్చా?

టికెట్ముక్క
వద్దండీ. పిన్ కోడ్ మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. పైగా 626 శివకాశి వైపు నంబరు. పోస్టరు నిజమైన పాతదే కావచ్చు, అందంగానూ ఉండొచ్చు, కానీ 1930 నాటిది కాదు. 1970ల తర్వాతి పోస్టరు ధరకి ఇస్తే సంతోషంగా తీసుకోండి.

ఇంకోటి, ఏ పోస్టరైనా డబ్బిచ్చే ముందు భూతద్దంతో చూడండి. రాతి అచ్చు అయితే రంగు ఇసుక చల్లినట్టు, ఒక పద్ధతి లేకుండా ఉంటుంది. ఆఫ్‌సెట్ అయితే చుక్కలు వరసగా, పువ్వు రేకుల్లా కనిపిస్తాయి. ఇంటి ప్రింటరు మీద తీసిన నకలైతే సన్నటి తుంపర పడ్డట్టు ఉంటుంది.

మంచుదేశం
నేను అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాను. ఇక్కడికి దగ్గర్లో బరాబూ అనే చిన్న ఊరుంది. రింగ్లింగ్ సోదరులు 1884లో సర్కస్ మొదలుపెట్టింది అక్కడే. వాళ్లు శీతాకాలం గడిపిన షెడ్లను ఇప్పుడు మ్యూజియం చేశారు. ఊరేగింపు బండ్లు, పోస్టర్లు, చివరికి జీతాల పద్దు పుస్తకాలు కూడా దాచారు. వాళ్ల కంపెనీలో మన పూణేకు చెందిన దాము ధోత్రే 1940ల్లో చిరుతలను ఆడించారు. అంత దూరంలో మన మనిషి పేరు చదివినప్పుడు కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఛత్రే గారి నోటీసులూ, రామ్మూర్తి గారి నోటీసులూ ఇలా ఒక్కచోట చూడగలిగే గది మన దగ్గర ఎందుకు ఉండకూడదు?

విశాఖ_తీరం
పాతపెట్టె గారూ, ఉంగరం సంగతి ఎవరూ ఎత్తలేదు. మావటివాళ్లు ఏనుగు తోక వెంట్రుకలతో ఉంగరాలు అల్లి డేరా బయట అమ్మేవాళ్లు. వేసుకుంటే దిష్టి తగలదని, పిల్లలు జడుసుకోరని కొనేవాళ్లు. మా అమ్మ చేతికీ ఉండేది. ఇప్పుడు మాత్రం దాన్ని అమ్మకానికి పెట్టకండి, ఆన్‌లైన్లో ధర అడగను కూడా అడగకండి. ఏనుగు 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. పులిగోళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. "సర్కస్ పులి గోరు, చాలా పాతది" అని ఎవరైనా చూపిస్తే కొనకండి. పాతదైనా అమ్మడం, కొనడం నేరమే. మీ ఊరి అటవీ శాఖ ఆఫీసులో అడిగి వాళ్లు చెప్పినట్టు చేయండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలు ఆడించకూడదని కేంద్రం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే నిలబెట్టింది. అలా విడిపించిన సింహాలను, పులులను మా విశాఖ జూ పక్కన ఉన్న కేంద్రానికీ తెచ్చారు. అటవీ శాఖలో పనిచేసిన మా మావయ్యతో ఒకసారి వెళ్లాను. ఒక ముసలి సింహం ఉంది. దాని ఆవరణ చాలా పెద్దది. అది మాత్రం మూలన పది అడుగుల మేర, బోను ఎంత ఉండేదో అంతే మేర, తిరుగుతూనే ఉంది. ఆ నోటీసు మీద సింహం బొమ్మ చూసినప్పటి నుంచి అదే కళ్లముందు ఆడుతోంది. నోటీసు దాచుకుందాం. ఆ ఆట మాత్రం తిరిగి రావాలని నేను కోరుకోను.

గుంటూరు_గ్యాలరీ
విశాఖ_తీరం గారూ, ఒప్పుకుంటాను. సింహాలు పోయాక డేరాలు ఖాళీ అయ్యాయని బాధపడేవాణ్ని. మీరు రాసింది చదివాక ఆ మాట మళ్లీ అనలేను.

రేకులషెడ్డు
ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. ఈ చర్చ చూశాక రాయాలనిపించింది.

మా నాన్న 1970ల్లో ఆరేళ్లు ఒక సర్కస్‌లో ఖలాసీ. కంపెనీ పేరు రాయను. మైదానం చదును చేయడం, గుంజలు పాతడం, డేరా లేపడం, గ్యాలరీ పలకలు బిగించడం, ఆట అయ్యాక మళ్లీ అన్నీ విప్పి లారీలకెత్తడం వాళ్ల పని. పెద్ద గుంజ లేపేటప్పుడు ఇరవై, ముప్పై మంది తాళ్లు పట్టుకుని ఒకే గొంతుతో పదం పాడేవాళ్లట. పట్టు ఒక్కరు వదిలినా గుంజ మీద పడుతుంది. వాన వస్తే గుడ్డ తడిసి బరువెక్కుతుంది, రాత్రంతా కర్రలతో నీళ్లు ఎత్తిపోస్తూ కూర్చోవాలి. జీతం నెలల తరబడి ఆగేది, తిండికి లోటుండేది కాదు. ఒకసారి గాలివానకు తాడు తెగి నాన్న చేతి వేళ్లు రెండు పోయాయి. కట్టు కట్టించి మూడో రోజు మళ్లీ పనిలో పెట్టారు.

1981 ఫిబ్రవరిలో బెంగళూరులో ఒక సర్కస్ డేరా అంటుకుని 90 మందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. నాన్న అప్పటికే ఇంటికి వచ్చేశారు. ఆ వార్త రేడియోలో విని రెండు రోజులు అన్నం తినలేదని మా నానమ్మ చెప్పేది. గుడ్డ ఎలా మండుతుందో ఆయనకు తెలుసు.

మీరంతా కంపెనీ పేరు వెతుకుతున్నారు, వెతకండి, మంచిదే. ఊయల ఆడినవాళ్ల పేర్లు, రింగ్ మాస్టరు పేరు నోటీసు మీద ఉంటాయి. గుంజ లేపినవాళ్ల పేరు ఏ నోటీసు మీదా ఉండదు. మా నాన్న సర్కస్‌లో చేశారనడానికి మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్కటి, గేటు పాసు. అట్ట ముక్క మీద నంబరు, మేనేజరు సంతకం. పేరు కూడా లేదు. దీనికి విలువ ఉంటుందా అని అడగడం లేదు, అమ్మను. ఇలాంటివి మీలో ఎవరైనా పోగుచేస్తారా అని అడుగుతున్నాను.

టికెట్ముక్క
రేకులషెడ్డు గారూ, ముప్పై ఏళ్లలో నా చేతికి ఒక్క ఖలాసీ పాసు కూడా రాలేదు. టికెట్లు వేలల్లో ఉన్నాయి. పాసును రెండు వైపులా స్కాన్ చేయండి, నాన్నగారు చెప్పినవి రాసి దాంతోపాటే దాచండి. వెనక రాయాల్సి వస్తే పెన్సిలుతోనే రాయండి, పెన్ను వద్దు. వీలైతే గుంజ లేపే పదం ఆయన గొంతులోనే రికార్డు చేయండి. అది ఇంకెక్కడా దొరకదు.

పాతపెట్టె గారూ, మడత తెరిచే పద్ధతి చెబుతాను. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి స్పాంజి పెట్టండి. దాని మీద జల్లెడ లాంటిది ఉంచి, పైన నోటీసు పెట్టి మూత వేయండి. నీళ్లు కాగితానికి తగలకూడదు, తేమ ఒక్కటే తగలాలి. ముందు ఒక మూల తడి దూదితో అద్ది సిరా, గులాబీ రంగు కారడం లేదని చూసుకోండి. మూడు నాలుగు గంటలకు మెత్తబడుతుంది. మొద్దు అంచున్న చాకుతో మెల్లగా విప్పి, అద్దుడు కాగితాల మధ్య పుస్తకాల బరువు కింద ఒక రాత్రి ఉంచండి. ఊడిరాకపోతే బలవంతం చేయకండి.

పాతపెట్టె
నిన్న మధ్యాహ్నం పెట్టాను, సాయంత్రానికి ఊడి వచ్చింది. చేతులు వణికాయండీ, నిజంగా చాలా టెన్షన్ పడ్డాను. లోపల ఇలా ఉంది: "ఫిబ్రవరి 12వ తేది సోమవారము మొదలు. ప్రతి దినము రెండు ఆటలు." సంవత్సరం లేదు.

టికెట్ముక్క
వారం ఉంది కదా, అది చాలు! 1951లో ఫిబ్రవరి 12 సోమవారం. 1952లో మంగళవారం, 53లో గురువారం, 54లో శుక్రవారం, 55లో శనివారం, 56లో ఆదివారం, 57లో మంగళవారం. జిల్లా పేరును బట్టి 1950 ఆగస్టు తర్వాత అనుకున్నాం, అణాలను బట్టి 1957కు ముందు అనుకున్నాం. ఆ మధ్యలో ఒకే ఒక్క సోమవారం ఉంది. మద్రాసు స్టాంపు, బి.యన్.ఆర్. రెండూ దానికే సరిపోతున్నాయి. 1951 ఫిబ్రవరి 12.

మలబారు_అల్లుడు
అంటే జెమిని మొదటి ఆటకు ఆరు నెలల ముందు. జెమిని కాదు. అప్పటికి తిరుగుతున్న కంపెనీలు చాలా ఉన్నాయి, ఈ బొమ్మను చూసి ఒకదాని పేరు చెప్పడం తప్పవుతుంది. చిరిగిన పైముక్క ఇంకో ఇంట్లో నిండు నోటీసుగా ఉండి ఉంటుంది. నాగావళి గారు చెప్పిన అటకల్లోనే ఎక్కడో.

గుంటూరు_గ్యాలరీ
నా మాట తప్పయినందుకు సంతోషంగా ఉంది. ఎంత బాగా తేల్చారండీ!

పాతపెట్టె
ఇంకో సంగతి. విప్పిన మడత వెనక తాతగారి చేతిరాత ఉంది, పెన్సిలుతో. ఆయన ప్రతి ఖర్చూ రాసుకునేవారు.

నేల టిక్కెట్లు 4 – 1-0-0
వేరుశనగ – 0-1-0
ఉంగరం – 0-8-0
గుంజల కుర్రాడికి – 0-2-0

నాలుగు టికెట్లంటే తాతగారు, నానమ్మ, పెదనాన్న, అత్తయ్య అయి ఉండాలి. నాన్న అప్పటికి పుట్టలేదు. ఆఖరి పద్దు నాకు అర్థం కాలేదు. రేకులషెడ్డు గారూ, గుంజల కుర్రాడంటే మీ నాన్నగారి లాంటివారేనా? ఆ రెండు అణాలు ఎందుకిచ్చి ఉంటారు?

రేకులషెడ్డు
నాన్నకు చదివి వినిపించానండీ. నేలకు వచ్చినవాళ్లలో చిన్నపిల్లలుంటే ముందు వరసలో, రింగు పక్కన కూర్చోబెట్టేవాళ్లమని చెప్పారు. అందుకు కొందరు చేతిలో ఏదో పెట్టేవాళ్లట. మేనేజరు చూస్తే లాక్కునేవాడు కాబట్టి తలపాగాలో దోపుకునేవాళ్లట. మీ తాతగారు ఆ సంగతి పద్దులో రాశారంటే నాన్న నమ్మలేదు, ఫోటో చూపించమన్నారు. కళ్లజోడు తెచ్చుకుని రెండుసార్లు చూశారు.

ఆ కుర్రాడి పేరు రాశారా అని అడిగారు. లేదని చెప్పాను.

పాతపెట్టె
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. రేపు రెండు వైపులా స్కాన్ పెడతాను. అత్తయ్యకు ఇప్పుడు 78, రాజాంలో ఉంటారు. ఆదివారం వెళ్లి అడుగుతాను, ముందు వరసలో కూర్చున్నారేమో.